బాగుందని గుండె మందు ఆపేశాం, పొమేరియన్‌కు మళ్లీ ఆయాసం వచ్చింది

ప్రశ్న: మాకు చామంతి తోట, రెండు గేదెలు ఉన్నాయి. పాక దగ్గర కాపలాకు తొమ్మిదేళ్ల పొమేరియన్‌ను పెంచుకుంటున్నాం. బరువు 6 కిలోలు. సంక్రాంతి వెళ్లాక రాత్రిళ్లు దగ్గు, నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలయ్యాయి. ఒకసారి కళ్లు తిరిగి పడిపోయింది కూడా. విశాఖ తీసుకెళ్తే ఎక్స్‌రే, ఎకో తీసి గుండె కవాటం కారుతోందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని చెప్పారు. పిమోబెండాన్, ఫ్యూరోసమైడ్, ఎనాలాప్రిల్ బిళ్లలు రాశారు. మూడు వారాలకే చక్కగా తిరిగింది. తగ్గింది కదా అని ఆపేశాం. పది రోజులకు మళ్లీ దగ్గు వచ్చింది, ఇప్పుడు డొక్కలు ఎగరేస్తోంది. ఈ మందులు జీవితాంతం వేయాలా? మా నాన్నగారి బీపీ బిళ్ల కూడా ఎనాలాప్రిలే, అది వేయొచ్చా? ఇంట్లో పదేపదే మూత్రం పోస్తోంది కాబట్టి నీళ్లు తగ్గించవచ్చా?
– ఒక రైతు, ఆనందపురం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: డొక్కలు ఎగరేస్తోందని రాశారు కాబట్టి ముందు ఒక మాట. మందు రాసిన డాక్టర్‌కు ఇప్పుడే ఫోన్ చేసి, ఈ రోజే కుక్కను చూపించండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు. పడుకోలేక కూర్చునే ఉండటం, మోచేతులు ఎడంగా పెట్టి మెడ చాచడం, చిగుళ్లు నీలంగా మారడం, ముక్కు నుంచి గులాబీ రంగు నురుగు రావడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా రాత్రయినా సరే బయలుదేరండి. ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రి ఏదో ముందే కనుక్కోండి. దారిలో నోట్లో నీళ్లు పోయవద్దు, గట్టిగా హత్తుకోవద్దు. కారులో చల్లగా ఉండేలా చూడండి.

ఇక మీ మొదటి ప్రశ్న. అవును, జీవితాంతం వేయాలి. మీ తోటలో మోటారు ఫుట్‌వాల్వు పాడైతే ఏమవుతుందో మీకు తెలుసు. మోటారు ఎంత తిరిగినా ఎక్కిన నీళ్లు వెనక్కి జారిపోతాయి. మీ కుక్క గుండెలో ఎడమ పక్క కవాటం అలాగే అయింది. వయసుతో దాని రెక్కలు మందంగా, ముడతలుగా మారి సరిగా మూసుకోవు. ముందుకు వెళ్లాల్సిన రక్తంలో కొంత వెనక్కి వస్తుంది, ఆ ఒత్తిడికి ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది. పొమేరియన్, డాక్స్‌హుండ్ వంటి చిన్న జాతుల్లో ఇది ఎక్కువ. డాబర్‌మాన్, గ్రేట్‌డేన్ వంటి పెద్ద జాతుల్లో గుండె కండరమే సాగి బలహీనపడుతుంది, అది వేరే జబ్బు.

ఈ బిళ్లలు కవాటాన్ని బాగుచేయవు. ఫ్యూరోసమైడ్ ఊపిరితిత్తుల్లో చేరే నీటిని మూత్రంగా బయటికి పంపుతుంది. పిమోబెండాన్ గుండె కొట్టుకునే బలాన్ని పెంచి, రక్తనాళాలను వదులు చేస్తుంది. ఎనాలాప్రిల్ కూడా నాళాలను వదులు చేస్తుంది, ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోకుండా చూస్తుంది. కుక్క చక్కగా తిరిగిందంటే జబ్బు పోయిందని కాదు, మందు పని చేస్తోందని. మందుకు అలవాటు పడిపోతుందేమోనని చాలామంది భయపడి ఆపేస్తారు. ఇది అలవాటు కాదు. వాల్వు కారుతున్నంత కాలం ఆ పని ఎవరో ఒకరు చేయాలి.

ఎంతకాలం బతుకుతుందని మీరు అడగలేదు కానీ, మీ మనసులో ఆ ప్రశ్న ఉండే ఉంటుంది. ఇదే కవాట జబ్బుతో గుండె వైఫల్యానికి వచ్చిన 260 కుక్కలపై 2008లో క్వెస్ట్ అనే అధ్యయనం వచ్చింది. పిమోబెండాన్ వాడిన వాటిలో సగం కుక్కలు చనిపోవడానికో, చికిత్స విఫలమవడానికో 267 రోజులు పట్టింది. పిమోబెండాన్ బదులు బెనజెప్రిల్ వాడిన వాటిలో ఆ గడువు 140 రోజులే. బెనజెప్రిల్ కూడా ఎనాలాప్రిల్ కోవలోని మందే. రెండింటికీ తోడుగా ఫ్యూరోసమైడ్ వంటి మందులు ఉన్నాయి. ఇది సగటు లెక్కే, అంతకంటే చాలా ఎక్కువ కాలం హాయిగా ఉన్న కుక్కలను నేను చూశాను. కానీ ఆ రోజులన్నీ పూటపూటా బిళ్ల పడితే వచ్చినవి.

పిమోబెండాన్‌ను ఖాళీ కడుపున, తిండికి గంట ముందు వేయాలి. సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 0.5 మి.గ్రా., దాన్ని రెండు పూటలకు పంచాలి. మీ కుక్కకు ఎంతన్నది మాత్రం మీ డాక్టర్ రాసిందే లెక్క. చిన్న ఇడ్లీ ముక్కలో పెడితే మింగేస్తుంది. ఫ్యూరోసమైడ్ రెండో పూటను సాయంత్రం ఐదారు గంటలకే వేయమంటారా అని అడగండి, అప్పుడు అర్ధరాత్రి మూత్రం బెడద తగ్గుతుంది. ఒక పూట మరచిపోతే తరవాతి పూట రెండింతలు వేయకండి.

నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తగ్గించకండి. మందు నీటిని లాగుతుంది కాబట్టే దాహం. నీళ్లు కట్టేస్తే దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. తగ్గించాల్సింది ఉప్పు. మన వైపు కుక్క అన్నంలో ఎండుచేప తలకాయలు, మిగిలిన పులుసు కలపడం మామూలే. గుండె జబ్బున్న కుక్కకు ఒక పూట ఎండుచేప కూడా ఆయాసం తెప్పించగలదు. ఉప్పు లేని అన్నం, ఉడికించిన కోడిమాంసం, గుడ్డు పెట్టండి.

నాన్నగారి బిళ్ల సంగతి. మందు అదే కావచ్చు, మేమూ మనుషుల ఫ్యూరోసమైడ్ బిళ్లలను విరిచి వాడిస్తుంటాం. కానీ మనుషుల 5 మి.గ్రా. ఎనాలాప్రిల్ 6 కిలోల కుక్కకు ఒక్కసారికి ఎక్కువే. పైగా బీపీ అట్టల్లో చాలావాటిలో రెండో మందు కూడా కలిసి ఉంటుంది. అట్ట డాక్టర్‌కు చూపించకుండా వేయకండి. దీనికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది నొప్పి బిళ్లలు. కుంటుతోందని ఎవరైనా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వేస్తే, ఫ్యూరోసమైడ్, ఎనాలాప్రిల్‌తో కలిసి మూత్రపిండాలను పాడు చేస్తాయి. నేను చూసిన ఒక ముసలి పొమేరియన్ గుండె మందులతో కుదురుగా ఉండి, నాలుగు రోజుల డైక్లోఫెనాక్‌తో తిండి మానేసి వచ్చింది. ఇంకేం వేస్తున్నారని అంతకుముందు నేను అడిగి ఉండాల్సింది. ఇప్పుడు ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను. మందులు మళ్లీ మొదలుపెట్టిన వారం, రెండు వారాల్లో క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది), పొటాషియం రక్తపరీక్ష చేయించండి. వాంతులు, విరేచనాలు అయి తిండి మానేస్తే తరవాతి బిళ్ల వేసే ముందు ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ ఇంట్లో మీరే చేయగలిగిన పరీక్ష చెబుతాను. నాకు దీని మీద ఉన్న నమ్మకం ఏ యంత్రం మీదా లేదు. కుక్క గాఢంగా నిద్రపోయాక లేపకుండా పక్కన కూర్చోండి. డొక్క ఒకసారి లేచి పడితే ఒక శ్వాస. ఫోన్‌లో 30 సెకన్లు పెట్టుకుని లెక్కపెట్టి, దాన్ని రెట్టింపు చేయండి. కాళ్లు కొట్టుకుంటూ కలలు కంటున్నప్పుడు లెక్కపెట్టకండి, అప్పుడు వేగం పెరుగుతుంది. నిమిషానికి 30 లోపు ఉంటే నిబ్బరంగా ఉండండి. 30 దాటితే కాసేపాగి మళ్లీ చూడండి, అప్పుడూ దాటే ఉంటే అదే రోజు ఫోన్ చేయండి. 40 దాటితే ఆసుపత్రికే. ఒక రైతు పాల లెక్కల పుస్తకంలోనే పక్క గడిలో ఈ అంకెలు రాశాడు. 22, 24, 23, 31, 36. కుక్క చూడటానికి హుషారుగానే ఉంది. ఆ ఐదో అంకె చూసి నేను ఫ్యూరోసమైడ్ పెంచాను, ఆసుపత్రిలో పెట్టాల్సిన అవసరం రాలేదు.

దగ్గును మాత్రం కొలతగా పెట్టుకోకండి. ఉబ్బిన గుండె శ్వాసనాళాన్ని నొక్కడం వల్ల ఊపిరితిత్తుల్లో నీరు పోయాక కూడా కొంత దగ్గు మిగలవచ్చు. పొమేరియన్లలో శ్వాసనాళం మెత్తబడి చదునైపోయే జబ్బు కూడా ఎక్కువ. దగ్గు ఉందని సొంతంగా ఫ్యూరోసమైడ్ పెంచితే కుక్క ఎండిపోతుంది.

మెడపట్టీ తీసి ఛాతీ బెల్టు వేయండి. మన సముద్రపు ఉక్కపోతలో తెల్లవారుజామున తప్ప నడిపించకండి. ఈ రోజు వెళ్లేటప్పుడు పాత ఎకో రిపోర్టు, వాడిన బిళ్లల అట్టలు, నాన్నగారి బీపీ అట్ట, డొక్కలు ఎగరేస్తున్న వీడియో తీసుకెళ్లండి. మందు ఎన్నాళ్లు ఆపారో దాచకుండా చెప్పండి, మోతాదు దాన్నిబట్టే వేస్తారు.