బెట్టా రెక్కల అంచున తెల్ల పొర ఫంగస్ కాదు

ప్రశ్న: మా బెట్టా చేప తోక, రెక్కలు నెల కిందట అంచుల్లో చిరిగి కురచయ్యాయి. దుకాణంలో ఇచ్చిన యాంటీబయాటిక్ వేస్తే తగ్గింది. ఇప్పుడు అంచంతా సన్నని తెల్ల పొర కనిపిస్తోంది. ఫంగస్ అని మిథిలిన్ బ్లూ ఇచ్చారు. ఎంత వేయాలి? చేప 4 లీటర్ల గాజు గిన్నెలో ఉంది, ఫిల్టర్ లేదు. వారానికోసారి నీళ్లన్నీ మారుస్తాను.

జవాబు: మిథిలిన్ బ్లూ వేయకండి. మీరు చెప్పినదాన్ని బట్టి అది తిరిగి పెరుగుతున్న రెక్క. ఫంగస్ అయితే దూదిపింజలా ఉబ్బెత్తుగా, అక్కడక్కడా అంటుకుని ఉంటుంది. కొత్త రెక్క అంచు పొడవునా పలుచగా, పారదర్శకంగా వస్తుంది. రంగు కొన్ని వారాల తర్వాత పడుతుంది. పాత రంగుతో కలవకపోయినా, కాస్త ముడతగా ఉన్నా టెన్షన్ పడొద్దు.

అసలు సమస్య గిన్నెలో ఉంది. చేప మొప్పల నుంచి అమ్మోనియా నిరంతరం వెలువడుతూనే ఉంటుంది. 4 లీటర్ల నీళ్లలో, ఫిల్టర్ లేకుండా, అది వారమంతా పేరుకుపోతుంది. నీరసించిన చేప రెక్కలను నీళ్లలో మామూలుగా ఉండే బాక్టీరియానే తినేస్తుంది. ఏడో రోజున నీళ్లన్నీ ఒకేసారి మార్చడం చేపకు ఇంకో దెబ్బ. బెట్టా పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి చిన్న గిన్నె చాలని అమ్మేవాళ్లు చెబుతారు. గాలి పీల్చుకున్నంత మాత్రాన నీళ్లలోని అమ్మోనియా పోతుందా? నీళ్లు పరీక్షించమని ఒక్క మాట చెప్పకుండా యాంటీబయాటిక్ చేతిలో పెట్టడం మరీ అన్యాయం. అది ఫిల్టర్లో అమ్మోనియాను విరగ్గొట్టే మేలు చేసే బాక్టీరియానూ చంపగలదు. మందు వేసిన రోజుల్లో మీరు నీళ్లు ఎక్కువసార్లు మార్చి ఉంటే, తగ్గింది దానివల్లే కావచ్చు.

కనీసం 20 లీటర్ల తొట్టి, నెమ్మదిగా నడిచే స్పాంజ్ ఫిల్టర్, హీటర్ పెట్టండి. నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. అప్పటిదాకా గిన్నెలో రోజూ 30 శాతం నీళ్లు మార్చండి. కొత్త నీళ్లలో క్లోరిన్ తొలగించే ద్రావణం సీసా మీది మోతాదులో కలపండి. నీళ్లను ఒక రోజు నిల్వ ఉంచితే క్లోరిన్ పోతుంది కానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమిసంహారకం) పోదు. ద్రవ పరీక్ష కిట్ తప్పకుండా కొనండి. అమ్మోనియా, నైట్రైట్ (అమ్మోనియాను బాక్టీరియా మార్చినప్పుడు వచ్చే మరో విషం) రెండూ సున్నా ఉండాలి. ఏదైనా 0.25 పీపీఎం (లీటరుకు 0.25 మిల్లీగ్రాములు) చూపిస్తే ఆ రోజే సగం నీళ్లు మార్చండి. కొత్త ఫిల్టర్‌లో మేలు చేసే బాక్టీరియా కుదురుకోవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, ఆ కాలమంతా పరీక్ష మానొద్దు. స్పాంజ్‌ను కుళాయి కింద కాకుండా, తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

ఇప్పుడు ఉప్పు కూడా అక్కర్లేదు. అంచులు నల్లగా లేదా ఎర్రగా మారి రెక్క మళ్లీ కురచవుతుంటేనే ఏమీ కలపని ఉప్పు లీటరుకు 1 గ్రాము, విడిగా కరిగించి పోయండి. 10 రోజులు దాటొద్దు. ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి నీళ్లు మార్చినప్పుడు తీసినంత నీటికే మళ్లీ కలపాలి.

గరుకు ప్లాస్టిక్ మొక్కలుంటే తీసేయండి, రెక్కలు వాటికే చిరుగుతాయి. చిరుగు ఒంటి దాకా చేరినా, పొలుసులు లేచినా, మేత మానేసినా చేపలు చూసే పశువైద్యుడికి చూపించండి. యాంటీబయాటిక్ అవసరమో కాదో ఆయన నిర్ణయించాలి.