ఎన్నారై సందేహాలు: సైకిల్ రేసుకు టికెట్ ఎంతక్కా?

నెల సెలవు మీద కడప వచ్చాను. వచ్చిన రెండో రోజు నుంచే మా వరండాలో సూట్‌కేసుల పంచాయితీ మొదలైంది. సెప్టెంబరులో ఫ్రాన్స్‌కు చదువుకు పోయే పిల్లలు మా వీధిలోనే ఇద్దరున్నారు, ఎర్రముక్కపల్లె నుంచి ఇంకొకడు. వాళ్ల అమ్మలకు కుక్కర్ మూడు లీటర్లదా, ఐదు లీటర్లదా అన్న టెన్షన్. చెనిక్కాయల పొడి ఎయిర్‌పోర్టులో ఆపుతారేమో అన్న టెన్షన్. ఆ ఎర్రముక్కపల్లె పిల్లవాడు మాత్రం పెద్దవాళ్లంతా లేచేదాకా ఆగి, మెల్లగా అడిగాడు: "అక్కా, టూర్ డి ఫ్రాన్స్ చూడాలంటే టికెట్ ఎంత? యాడ బుక్ చేసుకోవాల?"

వాడు వచ్చేది గ్రెనోబుల్‌కే, నేనుండే ఊరికి. ఆల్ప్స్ కొండల కాళ్ల దగ్గరుండే ఊరు. పదహారేళ్లలో నన్ను వీసా గురించి, అద్దె గురించి, కరివేపాకు గురించి అడిగినవాళ్లు వందమంది ఉంటారు. సైకిల్ రేసు గురించి అడిగినవాడు వీడొక్కడే. కాబట్టి కుక్కర్ సంగతి ఇంకోసారి చూద్దాం.

టికెట్ లేదు తమ్ముడూ. రోడ్డే స్టేడియం. 1903లో ఒక పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి మొదలుపెట్టిన రేసు ఇది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో తప్ప ఏటా జరుగుతూనే ఉంది. జులైలో మూడు వారాలు, రోజుకొకటి చొప్పున 21 స్టేజీలు, మధ్యలో రెండు రోజులు విశ్రాంతి, మొత్తం సుమారు 3,400 కిలోమీటర్లు. అంత పొడవు రోడ్డుకు గేటు పెట్టి టికెట్ కోయడం ఎవరి వల్లా కాదు. గమ్యం దగ్గర డబ్బు కట్టి కూర్చునే వీఐపీ స్టాండ్లు ఉంటాయి, మనకెందుకవి. దేవుని కడప తేరు చూడ్డానికి రథసప్తమి రోజు ఎవరైనా టికెట్ కొన్నారా? పొద్దున్నే పోయి, నీడ చూసుకుని, అరుగు మీద చోటు పట్టుకుని, రథం వచ్చేదాకా వచ్చేపోయేవాళ్లతో మాట్లాడుకుంటూ ఉంటాం. ఇదీ అంతే.

అయితే ఎక్కడ నిలబడాలన్నది తెలియాలి. నాకు తెలియక మొదటిసారి ఏం జరిగిందో చెప్తాను. అక్కడికి వెళ్లిన మరుసటి ఏడు, పొద్దుతిరుగుడు పొలాల మధ్య నున్నటి రోడ్డు చూసి అక్కడ చేరాను. ఫోటోలు బాగా వస్తాయి కదా అని. నాలుగు గంటలు నిలబడ్డాను. ఆకలేసి పులిహోర డబ్బా తీశాను. మూత బిగుసుకుపోయింది. డబ్బాను రెండు మోకాళ్ల మధ్య పెట్టుకుని తిప్పుతూ ఉన్నాను. పైన హెలికాప్టర్ చప్పుడు వినిపించింది, పట్టించుకోలేదు. తరువాత తేనెపట్టు కదిలినట్టు ఝుమ్మని ఒక శబ్దం, చెంప మీద గాలి. మూత వచ్చింది. తలెత్తి చూసేసరికి రంగురంగుల వీపులు మలుపు తిరుగుతున్నాయి. నూటడెబ్బై మందికి పైగా రైడర్లు, నాలుగు గంటల ఎదురుచూపు, పావు నిమిషంలో అయిపోయింది.

తప్పు రోడ్డుది. చదును నేల మీద వాళ్లు గంటకు 45, 50 కిలోమీటర్ల వేగంతో పోతారు. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ బాగా తగ్గుతుంది, అందుకే అందరూ ఒకే ముద్దగా పోతారు. ఆ ముద్దనే పెలోటన్ అంటారు. అదే ఘాట్ రోడ్డు మీదైతే వేగం ఇరవైకి, అంతకంటే కిందికి పడిపోతుంది. గాలి చాటు పెద్దగా పనికిరాదు. ఎవడి కాళ్ల బలం వాడిది. ముద్ద విడిపోయి, మొదటివాడికీ చివరివాడికీ మధ్య అరగంట తేడా వస్తుంది. ఒక్కొక్కడి మొహం చూడొచ్చు, ఊపిరి వినొచ్చు. కాబట్టి కొండ ఎక్కండి. నీకు గ్రెనోబుల్‌లో కొండలకు కరువు లేదు.

కొండ ఎక్కలేని అమ్మానాన్నలతో పోయేవాళ్లకు టైమ్ ట్రయల్ రోజు మంచిది. ఆ రోజు ఒకరి వెనక ఒకరిని నిమిషం, రెండు నిమిషాల తేడాతో వదులుతారు. మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు పోతూనే ఉంటారు, మధ్యలో కాఫీ తాగి రావచ్చు. 2024లో అలాంటి రోజే, తన సొంత ఊళ్ల దారిలో పోతున్న జూలియెన్ బెర్నార్ అనే రైడర్ రోడ్డు పక్కన నిలబడ్డ భార్య దగ్గర ఆగి ముద్దు పెట్టి మళ్లీ ఎక్కాడు. 200 స్విస్ ఫ్రాంకుల జరిమానా వేశారు. రూలు రూలే, కానీ ఆ డబ్బుకు నష్టం లేదనే నా అభిప్రాయం.

రూటు ముందు ఏడాది అక్టోబరులోనే పారిస్‌లో ప్రకటిస్తారు. ఏ ఊరికి ఎన్నింటికి వస్తారన్న పట్టిక తరువాత వస్తుంది. అందులో మూడు రకాల వేగాలకు మూడు టైములు వేసి ఉంటాయి. నేను మధ్యదాన్ని నమ్ముతాను. కానీ ఆ టైము చూసుకుని బయల్దేరితే లాభం లేదు. రోడ్డు కొన్ని గంటల ముందే మూసేస్తారు, పేరున్న కనుమల మీదైతే కార్లను ముందురోజే ఆపేస్తారు. మంచి చోట్లలో క్యాంపర్ వ్యాన్లవాళ్లు రెండు మూడు రోజుల ముందు నుంచే వంటా వార్పూ పెట్టుకుని ఉంటారు. మనం బస్సులో కిందిదాకా పోయి, నడిచి ఎక్కాలి.

రేసు కంటే సుమారు రెండు గంటల ముందు కారవాన్ వస్తుంది. కంపెనీల ప్రచార వాహనాల ఊరేగింపు, 1930 నుంచీ ఉంది. పాటలు పెట్టుకుని, పెద్ద పెద్ద బొమ్మలు కట్టుకుని, టోపీలు, కీచైన్లు, తినే ప్యాకెట్లు జనం మీదికి విసురుతూ పోతారు. కదిరి తేరులో జనం రథం మీదికి దవనం, మిరియాలు చల్లుతారు కదా, ఇక్కడ రథం నుంచే మన మీదికి పడతాయి. నలభై ఏళ్ల ఇంజినీర్లు కూడా ఒక బట్ట టోపీ కోసం గడ్డిలో దొర్లడం నా కళ్లారా చూశాను. రెండు జాగ్రత్తలు. పిల్లలు దొర్లిపోయిన దానికోసం రోడ్డు మీదికి పరుగెత్తకుండా చెయ్యి పట్టుకోవాలి, కారవాన్ బండ్ల కింద పడి పసివాళ్లు పోయిన సంవత్సరాలున్నాయి. రెండోది శాకాహారులకు. ఆ ప్యాకెట్లలో ఎండు సాసేజ్ ముక్కలుండొచ్చు, పంది మాంసం. జెల్లీ మిఠాయిల్లో జెలటిన్ ఉంటుంది. మా అత్తగారు ఒక ప్యాకెట్ చాక్లెట్ అనుకుని సంచిలో దాచుకుని, రాత్రి దాని మీది పంది బొమ్మ చూసి సంచినే ఉతికేసింది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది. రోడ్డుకు వీపు పెట్టి నిలబడొద్దు. 2021లో మొదటి స్టేజీ రోజే, ఫ్రాన్స్ పడమటి కొసన ఉండే బ్రిటనీలో, ఒకావిడ తాతా అవ్వలకు పలకరింపు రాసిన అట్ట పట్టుకుని రోడ్డు మీదికి వంగింది. టీవీ కెమెరా వైపు చూస్తోంది, రైడర్ల వైపు కాదు. టోనీ మార్టిన్ అనే రైడర్ ఆ అట్టకు తగిలి పడ్డాడు, అతని వెనక డజన్ల మంది కుప్పకూలారు. కోర్టు ఆవిడకు 1,200 యూరోల జరిమానా వేసింది. అంతకు మూడేళ్ల ముందు ఆల్ప్ డ్యుయెజ్ కొండ మీద విన్సెంజో నిబాలి, 2014లో టూర్ గెలిచినవాడు, జనం ఇరుకులో కింద పడి వెన్నుపూస విరిగి ఇంటికి పోయాడు. ఒక ప్రేక్షకుడి కెమెరా పట్టీ చిక్కుకుందన్నారు. కాబట్టి సెల్ఫీ స్టిక్ ఇంట్లో పెట్టండి. జెండా పట్టుకుంటే గాలి ఎటుందో చూసుకోండి. పక్కన పరుగెత్తొద్దు, వీపు మీద చెయ్యి వేసి తొయ్యొద్దు, అడగకుండా నీళ్లు పొయ్యొద్దు. సైకిళ్లు కనిపించగానే అందరికీ ఒక అడుగు ముందుకు పడుతుంది, మనం ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. హెలికాప్టర్, ఆ తరువాత జాందార్మ్‌ల, అంటే అక్కడి పోలీసుల మోటార్ సైకిళ్లు, రేసు నడిపేవాళ్ల ఎర్ర కారు, ఇవి వచ్చాయంటే వెనకే రైడర్లున్నట్టు. పులిహోర డబ్బా మూత ముందే తీసి పెట్టుకోండి.

ఇది రాస్తుంటే పక్కన మంచం మీద నుంచి మా నాన్న, "ఆ చీపురు బండి సంగతి రాసినావా పాపా?" అంటున్నాడు. రాస్తున్నా నాయనా.

మా నాన్న ఆర్టీసీలో ముప్పై ఏళ్లు డ్రైవరు. కడప-రాయచోటి రూటు. గువ్వలచెరువు ఘాట్‌లో ఏ మలుపులో ఏ గేరు వెయ్యాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. 2022లో అమ్మా నాన్నా మా దగ్గరికి వచ్చినప్పుడు జులై 14న ఆల్ప్ డ్యుయెజ్ తీసుకుపోయాను. 13.8 కిలోమీటర్లు, 21 హెయిర్‌పిన్ మలుపులు. కింద మొదటి మలుపుకు 21 అని బోర్డు, పైకి పోయేకొద్దీ అంకె తగ్గుతుంది. ప్రతి బోర్డు మీదా అక్కడ గెలిచినవాళ్ల పేర్లు. పొద్దున్నే కొండ కింది ఊరు బుర్ ద్వాజాన్‌లో బస్సు దిగి, నాన్న మోకాళ్లు ఒప్పుకున్నంత దూరం, అంటే 19వ మలుపు దాకా ఎక్కాం. మొదలే పదిశాతం ఏటవాలు. నాన్న ఆగి, నడుము మీద చేతులు పెట్టుకుని రోడ్డును కిందికీ పైకీ చూసి, "సెకండ్ గేర్ రోడ్డు పాపా ఇది, దీన్ని సైకిల్ మీద ఎక్కుతారా?" అన్నాడు. అప్పటికే ఆ రోజు రైడర్లు గాలిబియె, క్రోయ్ ద ఫేర్ అనే రెండు పెద్ద కనుమలు దాటి వస్తున్నారని చెప్తే నమ్మలేదు.

ఎండ మండిపోతోంది. పక్కన ఒక డచ్ కుటుంబం గొడుగు కింద చోటిచ్చింది. వాళ్ల బ్రెడ్డు మాకు, మా చెనిక్కాయల ఉండలు వాళ్లకు. సాయంత్రానికి ముందొక చిన్న గుంపు పోయింది, అందులో టామ్ పిడ్‌కాక్ అనే 22 ఏళ్ల పిల్లవాడు పైన ఒంటరిగా గెలిచాడు. కాసేపటికి పసుపు జెర్సీ, అంటే అప్పటిదాకా మొత్తం రేసులో ముందున్నవాడు. చుట్టూ జనం "అల్లే, అల్లే" అని గొంతులు చించుకుంటున్నారు. నాన్న చేతులు కట్టుకుని చూస్తున్నాడు, చప్పట్లు లేవు.

అరగంట తరువాత చివరి పెద్ద గుంపు వచ్చింది. చదును రోడ్డు మీద మెరుపుల్లా గెలిచే బరువైన స్ప్రింటర్లు, తమ జట్టు లీడర్ల కోసం పొద్దుటి నుంచీ గాలి మోసి అలిసిపోయినవాళ్లు అందులో ఉంటారు. గెలిచినవాడి సమయానికి కొంత శాతం కలిపి గడువు పెడతారు, అది దాటితే మరుసటి రోజు రేసులో ఉండరు. అందుకని ఒకరికొకరు తోడుగా, గడువులోపల చేరేంత వేగంతో, అంతకు ఒక్క పిసరు ఎక్కువ కాకుండా లెక్కేసుకుని వస్తారు. దారి తెలిసిన పాత రైడర్ ఒకడు ఆ వేగం నడిపిస్తాడు. ఫ్రెంచివాళ్లు ఆ గుంపును ఏమంటారో తెలుసా? ఓటోబ్యూస్. మన బస్సే. ముందుండి నడిపేవాణ్ణి డ్రైవర్ అంటారు. వీళ్లందరి వెనక, మానుకున్నవాళ్లను ఎక్కించుకునే వ్యాను వస్తుంది, దాని పేరు చీపురు బండి.

ఈ మాట చెప్పగానే నాన్న కట్టుకున్న చేతులు విప్పాడు. "బస్సా? అయితే టైముకు చేరాల్సిందే" అని, రోడ్డు అంచున నిలబడి, గుంపు దగ్గరికి రాగానే కండక్టర్ లాగా గట్టిగా "రైట్... రైట్... పోనీ!" అని అరిచాడు. డచ్ పిల్లలిద్దరికీ ఆ మాట నచ్చింది. ఆ తరువాత వచ్చిన ప్రతి ఒక్కడికీ ముగ్గురూ కలిసి "రైట్ రైట్". ఒక రైడర్ తలెత్తి చూశాడు కూడా, అర్థమై కాదులే.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, టోపీ, పైన ఉన్నట్టుండి వాన, చలి పడతాయి కాబట్టి ఒక జాకెట్టు. పెరుగన్నం ఎండకు పులిసిపోతుంది, వద్దు. దారిలో బాత్రూములు దొరకవు, ఆడవాళ్లు కింద ఊళ్లోనే చూసుకుని ఎక్కాలి. జనం మూగితే ఫోన్ సిగ్నల్ పోతుంది, తప్పిపోతే ఏ మలుపు బోర్డు దగ్గర కలవాలో ముందే అనుకోండి. ఇటలీ వైపో స్పెయిన్ వైపో సరిహద్దు దాటే స్టేజీకి పోతే పాస్‌పోర్టు, రెసిడెన్స్ కార్డు జేబులో ఉండాలి. సెప్టెంబరులో దిగి జులై దాకా ఆగలేను అంటావా, అక్టోబరులో ఇటలీలో లొంబార్డియా రేసుంది, ఏప్రిల్‌లో ఉత్తరాన పారిస్-రూబే ఉంది. అది రాళ్లు పరిచిన పాత పొలం దారుల మీద జరుగుతుంది. వానొస్తే ఎవరు ఏ జట్టో తెలియకుండా అందరూ ఒకే బురద రంగు.

రేసు అయిపోగానే కిందికి పరుగెత్తి లాభం లేదు, రోడ్డు వెంటనే తెరవరు. తిరుగు బస్సు టైము పొద్దున దిగినప్పుడే డ్రైవర్‌ను అడిగి రాసుకోండి. మేము ఆ రాత్రి బస్సు ఎక్కితే నాన్నకు డ్రైవర్ వెనక సీటు దొరికింది. గ్రెనోబుల్ దాకా నిద్రపోలేదు. ప్రతి మలుపుకూ కుడికాలితో ముందున్న రేకును తొక్కుతూనే ఉన్నాడు.