నెల్లూరు పిన్ కోడ్ 524001 ప్రధాన సంఖ్యేనా? కాలిక్యులేటర్ లేకుండా తేల్చడం ఎలా?

కాదు. అంకెలు కూడండి, 12 వస్తుంది. అంటే 3తో పోతుంది. చివర 1 ఉంది కాబట్టి ప్రధాన సంఖ్యేమో అని మీ అనుమానం. ఆ 1 చెప్పేది 2తో, 5తో పోదని మాత్రమే.

అన్ని కారణాంకాలూ చేత్తో రాబట్టడమే అసలు మజా. నేను కావలిలో టెన్త్ పిల్లలకు ట్యూషన్ చెబుతాను. రెండు వర్గాల తేడా అంటే ఆ సంఖ్యల మొత్తాన్ని వాటి తేడాతో గుణించినట్టే అనే సూత్రం వచ్చినప్పుడల్లా ఈ నంబరే బోర్డు మీద రాస్తాను. 17వ శతాబ్దపు ఫ్రెంచి లాయరు ఫెర్మా చూపించిన దారి ఇది: మన సంఖ్యకు ఏ వర్గం కలిపితే ఇంకో వర్గం వస్తుందో వెతకడం.

524001 వర్గమూలం 723 దాటుతుంది, కాబట్టి 724 నుంచి మొదలు. పిల్లలైతే వెంటనే వరసపెట్టి వర్గాలు చేసేస్తారు. ఆగమంటాను. 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి మనం వెతికేది బేసి సంఖ్య. 524001 3తో పోతుంది గానీ 9తో పోదు, కాబట్టి 3 గుణిజాలూ పనికిరావు. చివర 3 గానీ 7 గానీ ఉంటే వర్గం 9తో ముగుస్తుంది, అందులోంచి మనది తీసేస్తే చివర 8 మిగులుతుంది. 8తో ముగిసే వర్గమే లేదు. ఇక చివర 1 లేదా 9 ఉంటే తేడా సున్నాతో ముగుస్తుంది. అది వర్గం కావాలంటే చివర రెండు సున్నాలు ఉండాలి, అందుకే 731, 739 కూడా పోయాయి. 751 దాకా చూస్తే మిగిలేవి 725, 745, 749, 751, అంతే. తేడాలు వరసగా 1624, 31024, 37000, 40000. చివరిది 200 వర్గం! ఇక్కడ క్లాసులో ఎవరో ఒకరు అరుస్తారు.

అంటే 524001 = (751 + 200) × (751 − 200) = 951 × 551. 951లో 3, 317 ఉన్నాయి, 551లో 19, 29. నాలుగూ వేర్వేరు ప్రధాన సంఖ్యలు కాబట్టి మొత్తం భాజకాలు 16.

ఇంకో సంగతి. రెండు వర్గాల తేడాగా ఇంత సులువుగా దొరికిన ఈ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా మాత్రం ఎప్పటికీ రాయలేం. 29 అంటే 25 + 4, 317 అంటే 196 + 121, వాటితో పేచీ లేదు. 3, 19లను 4తో భాగిస్తే శేషం 3. అలాంటి ప్రధాన కారణాంకం బేసి సార్లు వస్తే రెండు వర్గాల మొత్తం కుదరదు. ఇక్కడ రెండూ ఒక్కోసారే ఉన్నాయి.

ఇదే పద్ధతి ఒంగోలు 523001 మీద వాడితే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. అది 31 × 16871. కారణాంకాలు ఒకదానికొకటి అంత దూరంగా ఉంటే ఫెర్మా దారిలో 8451 దాకా నడవాలి. దానికి మామూలు భాగహారమే నయం, పదకొండో ప్రధాన సంఖ్యకే దొరికిపోతుంది. ఆ 16871 ప్రధాన సంఖ్యే. నమ్మకం లేకపోతే 127 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూసుకోండి.