సింగపూర్ క్రూజ్‌లో షిప్ ఆగే టైమ్ ఊళ్లు చూడడానికి సరిపోతుందా?

మీరు కరీంనగర్ నుంచి అమ్మానాన్నలను తీసుకుని సింగపూర్ వెళ్లి, అక్కడ నాలుగు రాత్రుల క్రూజ్ ఎక్కాలనుకుంటున్నారు. మలేసియాలోని పోర్ట్ క్లాంగ్, పెనాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మూడు చోట్లా షిప్ పొద్దున 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుందని కాగితంలో ఉంది. అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. ఆ తొమ్మిది గంటల్లో ఊరు చూడగలమా, లేదా డబ్బులు దండగేనా అని అడిగారు.

మేము హనుమకొండ నుంచి దాదాపు ఇదే ట్రిప్ మా అమ్మానాన్నలతో వెళ్లొచ్చాం. మీకు నేను చెప్పేది ఇది: పెనాంగ్‌లో హాయిగా సరిపోతుంది. ఫుకెట్‌లో ఒకటి రెండు చోట్లకు సరిపోతుంది. పోర్ట్ క్లాంగ్‌లో దిగి కౌలాలంపూర్ చూద్దామంటే మాత్రం సరిపోదు. మూడింటికీ రాసిన టైమ్ ఒకటే, చేతికి దొరికే టైమ్ మాత్రం వేరు.

ఈ లెక్క మన ఊళ్లో అయితే మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఢిల్లీ నుంచి చుట్టాలు పొద్దున 8కి కాజీపేటలో దిగి సాయంత్రం 5కి మళ్లీ రైలు ఎక్కాలి అనుకోండి. వేయి స్తంభాల గుడి, భద్రకాళి, ఖిలా వరంగల్ తోరణాలు నిమ్మళంగా చూపించి, ఇంట్లో భోజనం పెట్టి రైలెక్కిస్తాం. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి వచ్చినవాళ్లంతా రామప్ప కూడా అడుగుతున్నారు. పాలంపేట ఇక్కడికి 65-70 కిలోమీటర్లు. పోను గంటన్నర, రాను గంటన్నర. 'సరే, రామప్ప పోదాం, ఖిలా ఇంకోసారి చూద్దురు' అంటాం. కాళేశ్వరం కూడా అంటే, అది ఈ రోజుతో అయ్యే పని కాదని వెంటనే చెప్పేస్తాం. దారి తెలుసు కాబట్టి ఆ మాట అనగలం. తెలియని రేవు దగ్గరికి వచ్చేసరికి కాగితం మీద తొమ్మిది గంటలు చూసి, తొమ్మిదీ మనవే అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను.

ముందు ఆ 8 సంగతి. 8 అంటే షిప్ రేవుకు వచ్చే టైమ్. ఆ తర్వాత అక్కడి అధికారులు క్లియరెన్స్ ఇవ్వాలి, వేల మంది లిఫ్టుల దగ్గర, దిగే వంతెన దగ్గర క్యూ కట్టాలి, ఇమిగ్రేషన్ ఉంటే అది కూడా అయిపోవాలి. నేల మీద కాలు పెట్టేసరికి మాకు 9:20 అయింది. ఇక 5 అంటే షిప్ కదిలే టైమ్. అందరూ లోపల ఉండాల్సిన టైమ్ వేరే ఉంటుంది, దాన్ని 'ఆల్ అబోర్డ్' అంటారు, సాధారణంగా అరగంట ముందు. పెద్దవాళ్లు వెంట ఉన్నారు కాబట్టి ఆ అరగంటకు ఇంకో గంట ముందే రేవు చేరేలా పెట్టుకోవాలి. అంటే తొమ్మిది గంటల్లో మీ చేతికి వచ్చేది ఆరు గంటల పైచిలుకు. దారికి పట్టే టైమ్ కూడా అందులోంచే.

ఇప్పుడు పోర్ట్ క్లాంగ్. క్రూజ్ టెర్మినల్ ఉన్నది పులావ్ ఇందా అనే దీవి మీద. అక్కడి నుంచి కౌలాలంపూర్ 50-60 కిలోమీటర్లు, ట్రాఫిక్‌ను బట్టి గంట నుంచి గంటన్నర. మన రామప్ప దూరమే అనుకోండి. ఆరు గంటల్లో మూడు గంటలు బస్సులోనే పోతాయి. మిగిలిన మూడు గంటల్లో మేము తీసుకున్న టూర్‌లో నాలుగు చోట్లు పెట్టారు. 452 మీటర్ల పెట్రోనాస్ టవర్స్ ముందు అరగంట, పైకి వెళ్లే వీలు లేదు. తర్వాత మెర్డెకా స్క్వేర్. తర్వాత ఒక చాక్లెట్ షాపులో ముప్పావు గంట. మేము ఎవరమూ అడగని చోటు అది. అన్నిటికన్నా చివర బటు కేవ్స్, నలభై నిమిషాలు.

మా అమ్మ ఈ ట్రిప్‌కు ఒప్పుకున్నదే బటు కేవ్స్ కోసం. 140 అడుగుల మురుగన్ విగ్రహం, వెనక 272 మెట్లు, పైన గుహలో గుడి. ఇంటి దగ్గర ఫోన్లో ఎన్నిసార్లు చూసుకుందో. విగ్రహం ముందు నిలబడి చాలాసేపు దండం పెట్టుకుని, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కడం మొదలుపెట్టింది. నూట ఇరవై దాకా ఎక్కాక కింద నుంచి గైడ్ పిలుపు. "మీదికి పోతే బస్సు పోతదా బిడ్డా?" అని అడిగింది. పోతదమ్మా అన్నాను. "అయితే ఈడికెల్లే దండం పెట్టుకుంటా తియ్" అని అక్కడే కళ్లు మూసుకుంది. షిప్‌కు వచ్చాక ఒక్క మాట కూడా నన్ను అనలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మళ్లీ ఎప్పుడు తీసుకురాగలను?

అక్కడ మాకు నిజానికి టైమ్ ఉంది. దాన్ని నాలుగు ముక్కలు చేయడం వల్లే ఏదీ మిగల్లేదు. మా షిప్‌లోనే ఉన్న ఇంకో కుటుంబం రేవు దగ్గర వ్యాన్ మాట్లాడుకుని నేరుగా బటు కేవ్స్‌కే పోయింది. 11కు చేరి, తాపీగా పైదాకా ఎక్కి దిగి, కింద ఉన్న శాకాహార హోటల్లో అన్నం తిని 3:30కల్లా రేవులో ఉన్నారు. కాబట్టి టూర్ కాగితం చూసేటప్పుడు ఎన్ని చోట్లు చూపిస్తారు అని చూడకండి. మీ అమ్మగారు చూడాలనుకునే చోట ఎన్ని నిమిషాలు నిలబెడతారు అని అడగండి. వాళ్లు చెప్పకపోతే ఆ టూర్ తీసుకోకండి.

పెనాంగ్‌లో ఈ బాధ లేదు. షిప్ ఆగే స్వెటెన్‌హామ్ పియర్ పెనాంగ్ ముఖ్య పట్టణం జార్జ్ టౌన్‌లోనే ఉంది. షిప్ దిగి నాలుగు అడుగులు వేస్తే ఫోర్ట్ కార్న్‌వాలిస్, ఇంకొంచెం నడిస్తే లిటిల్ ఇండియా. క్వీన్ స్ట్రీట్‌లో మహామారియమ్మన్ గుడి 1833 నాటిది. ఆ వీధుల్లో పూలదండలు, అగరొత్తుల వాసన, స్టీలు సామాన్ల కొట్లు చూసి మా అమ్మ ముఖం విప్పారింది. ఇడ్లీ దొరికింది, కాఫీ దొరికింది. నాన్నకు అలసట అనిపిస్తే మధ్యాహ్నం షిప్‌కు వచ్చి గంట పడుకుని, మళ్లీ దిగారు. రేవు ఊళ్లోనే ఉంటే వచ్చే సుఖం ఇదే. మేము గ్రాబ్ అనే యాప్‌లో పిలిచిన ట్యాక్సీలో కెక్ లోక్ సీ బౌద్ధాలయం కూడా చూసొచ్చాం. అక్కడ మెట్లు ఉంటాయి, మీ అమ్మగారికి ఇబ్బంది అనుకుంటే లిటిల్ ఇండియాతోనే రోజు గడిచిపోతుంది.

ఫుకెట్‌లో రెండు విషయాలు ముందే తెలుసుకోండి. మొదటిది, చాలా షిప్పులు అక్కడ రేవుకు ఆనుకోవు. పటాంగ్ దగ్గర సముద్రంలో లంగరేసి, టెండర్ అనే చిన్న పడవల్లో ఒడ్డుకు దింపుతాయి. నంబరు వచ్చేదాకా కూర్చోవాలి, షిప్ టూర్ కొన్నవాళ్లను ముందు పంపుతారు. మా వంతు వచ్చేసరికి 10 దాటింది. పడవ ఊగుతుంటుంది, ఎక్కేటప్పుడు సిబ్బంది చేయి పట్టుకుంటారు కానీ మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది కష్టమే. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానాకాలం. సముద్రం బాగా లేకపోతే టెండర్లు ఆపేస్తారు, ఆ రోజుకు ఫుకెట్ లేనట్టే. టికెట్ షరతుల్లోనే ఆ హక్కు షిప్ వాళ్లకు ఉంటుంది.

రెండోది గడియారం. థాయ్‌లాండ్ టైమ్ సింగపూర్ కన్నా గంట వెనక. మా షిప్ మొత్తం సింగపూర్ టైమే పాటించింది. చివరి టెండర్ 4కు అన్నారు, అంటే ఫుకెట్ టైమ్ ప్రకారం 3కు. ఫోన్ ఒడ్డు దిగగానే తనంతట తానే థాయ్ టైమ్‌కు మారిపోయింది. వాట్ చలాంగ్ ఆలయంలో ఉన్నప్పుడు నా ఫోన్లో 2:10. ఇంకా చాలా టైమ్ ఉందనుకున్నాను. నాన్న తన చేతి గడియారం చూపించి "మూడు దాటింది రా" అన్నారు. ఆ గడియారం ఆయన సింగపూర్‌లో పెట్టుకున్నది, మళ్లీ ముట్టుకోలేదు. ఒక్కసారిగా చెమటలు పట్టాయి. పటాంగ్‌కు పోయే ఘాట్ రోడ్డులో ట్రాఫిక్, అందరికీ టెన్షన్. 3:50కి, షిప్ టైమ్ ప్రకారం, ఒడ్డు చేరాం. మీ అమ్మానాన్నల్లో ఒకరి చేతికి మామూలు గడియారం పెట్టించండి. షిప్ టైమ్ మారుస్తారో లేదో ముందురోజు రాత్రి గదికి వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ కాగితం ఫోటో తీసి పెట్టుకోండి, పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్ తరఫున ఉండే మనిషి) ఫోన్ నంబరు కూడా అందులోనే ఉంటుంది.

షిప్ అమ్మే టూర్ ఖరీదు ఎక్కువ, కానీ ఆ బస్సు ఆలస్యమైతే షిప్ ఆగుతుంది, లేదా మిమ్మల్ని తర్వాతి రేవుకు చేర్చే బాధ్యత వాళ్లది. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే షిప్ ఆగదు. ఖర్చంతా మీదే. కాబట్టి దూరం పోయే చోట షిప్ టూర్, అందులోనూ ఒకే చోటు ఉన్నది దొరికితే చూడండి. రేవు పక్కనే ఊరుంటే సొంతంగా తిరగండి.

వేరే రూట్లు చూస్తున్నా ఇదే పద్ధతి. క్రూజ్ కాగితంలో పెద్ద ఊరి పేరు కనిపిస్తుంది, షిప్ ఆగే రేవు వేరే ఉంటుంది. బ్యాంకాక్ అంటే లేమ్ చబాంగ్, దాదాపు రెండు గంటల దారి. రోమ్ అంటే చివితావెక్కియా, రైల్లో దాదాపు గంట. కొచ్చి నయం, విల్లింగ్‌డన్ ఐలాండ్ నుంచి మట్టాంచేరి దగ్గరే. మున్నార్ చూద్దామని మాత్రం పెట్టుకోవద్దు.

మీ విషయానికి వస్తే, అమ్మగారికి కౌలాలంపూర్ చూడాలని బాగా కోరిక ఉంటే దాన్ని క్రూజ్‌లో పెట్టకండి. హైదరాబాద్ నుంచి కౌలాలంపూర్‌కు నేరుగా విమానాలున్నాయి. ముందు అక్కడ రెండు రాత్రులు ఉండి, బటు కేవ్స్‌కు పొద్దున్నే ఎండ రాకముందు వెళ్లండి. మెట్లు ఎక్కలేకపోయినా విగ్రహం ముందు ఎంతసేపైనా కూర్చోవచ్చు. తర్వాత సింగపూర్ చేరి షిప్ ఎక్కండి. షిప్ పోర్ట్ క్లాంగ్‌లో ఆగిన రోజు దిగకుండా లోపలే ఉండిపోండి. అందరూ దిగిపోతారు కాబట్టి డెక్ మీద కుర్చీలన్నీ ఖాళీగా ఉంటాయి, పెద్దవాళ్లకు మంచి విశ్రాంతి. షిప్ దిగాక తిరిగి సింగపూర్‌లోకే వస్తారు కనుక సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ (ఒకసారి కన్నా ఎక్కువ సార్లు లోపలికి రానిచ్చేది) అవునో కాదో ఒకసారి చూసుకోండి.

మీ నెల, షిప్ ఏదో ఖాయమయ్యాక మూడు రేవుల టైమ్‌లు ఇక్కడే రాయండి. ఏ చోట దిగొచ్చో, ఎంతసేపు దొరుకుతుందో కూర్చుని లెక్క వేసి చెప్తాను.