లేని భాషతో ఆటలాడిస్తే పిల్లలకు వ్యాకరణం వస్తుందా?

వస్తుంది. పాఠ్యపుస్తకంతో వచ్చేదానికంటే గట్టిగా వస్తుంది. బెజవాడలో ఒక ప్రైవేటు బడిలో ఏడు, ఎనిమిది తరగతులకు తెలుగు చెబుతాను, కాబట్టి ధైర్యంగానే అంటున్నాను.

'సిలబస్‌కే టైమ్ చాలదు, లేని భాష కూడా ఎందుకు' అని పై ప్రశ్న వేసినవారే అడిగారు. లేనిది కాబట్టే. తెలుగు వ్యాకరణం అనగానే పిల్లలు 'మాకొచ్చులే' అని కిటికీలోంచి చూస్తారు. ఇంగ్లీషు అంటే బెదురు, హిందీ అంటే రోటీ ఆడదా మగదా అన్న టెన్షన్. కొత్తగా అల్లిన భాషలో అందరూ ఒకే రోజు పుట్టినవాళ్ళే. ఫస్ట్ ర్యాంకు వాడికీ ఆఖరి బెంచీ వాడికీ తేడా ఉండదు.

చిన్నప్పుడు పెద్దవాళ్ళకు అర్థం కాకూడదని 'కనీకకు కచెకప్పకనా' అంటూ క-భాష మాట్లాడుకున్నాం గుర్తుందా? అది కాదు నేను చెప్పేది. అందులో శబ్దం మారుతుందే గాని లోపల ఉన్నది తెలుగు వ్యాకరణమే. ఇక్కడ మార్చాల్సింది వ్యాకరణాన్ని.

పోయినేడు ఎనిమిదో తరగతిలో ఒక అమ్మాయి టిఫిన్ బాక్సులోంచి సున్నుండలు మాయమయ్యాయి. క్లాసంతా ఒకటే గోల. తిట్టి కూర్చోబెట్టకుండా కోర్టు పెట్టాను. షరతు ఏమిటంటే, సాక్ష్యం మేం అంతకుముందే అల్లుకున్న భాషలో చెప్పాలి. 'నీలూ' అంటే వాడు, 'లూబా' అంటే ఉండ, 'పిరో' అంటే తినడం. కళ్ళారా చూసి చెబితే క్రియ చివర 'గ్లు' చేర్చాలి. ఎవరో చెప్పగా వింటే 'షి'. ఊహిస్తే 'జె'. ఏదీ చేర్చకపోతే అది వాక్యమే కాదు, నోరు మూసుకుని కూర్చోవాలి.

ముందు బెంచీ అబ్బాయి లేచి కిటికీ పక్కవాడిని చూపిస్తూ 'నీలూ లూబా పిరోగ్లు' అన్నాడు. తిన్నాడు, నేను చూశాను అని. సున్నుండల అమ్మాయి ఊరుకుంటుందా? 'ఇంటర్వెల్లో నువ్వు గ్రౌండులో ఉన్నావు కదరా, ఎట్లా చూశావు?' అని తెలుగులోకి దిగిపోయింది. వాడు నీళ్ళు నమిలి 'పిరోషి' అని మార్చాడు. 'ఎవరు చెప్పారు?' అని నాలుగు పక్కలనుంచీ అందుకున్నారు. చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఆఖరికి గొంతు తగ్గించి 'పిరోజె' అన్నాడు. క్లాసు గొల్లుమంది. నిందపడ్డవాడు బెంచీ ఎక్కి 'జె! జె!' అని గెంతులు. పక్క సెక్షన్ టీచర్ వచ్చి తలుపు దగ్గర నిలబడి నన్ను అదోలా చూసి వెళ్ళింది.

ఆ గోలలోనే, హాజరు పలకడానికి తప్ప నోరు విప్పని ఒక పిల్ల, 'టీచర్, ఇది మనకూ ఉందిగా! తిన్నాడు, తిన్నాడట, తినుంటాడు' అంది. 'ట' గురించి నేను అప్పటిదాకా ఒక్క ముక్క చెప్పలేదు. పుట్టినప్పటినుంచీ వాడుతున్న అక్షరం వాళ్ళకు ఆ రోజు కనబడింది. టర్కీ భాషలోనూ స్వయంగా చూసినదానికి ఒక ప్రత్యయం, విన్నదానికీ ఊహించినదానికీ ఇంకొకటి ఉంటాయని నేను అందించింది ఆ తర్వాతే. సున్నుండలు ఎవరు తిన్నారో మాత్రం తేలలేదు.

ఇంకో ఆటలో ఆడవాళ్ళకూ ఆవులకూ క్రియ ఒకేలా ఉండాలని నియమం పెడితే అమ్మాయిలు భగ్గుమన్నారు. 'ఆమె వచ్చింది, ఆవు వచ్చింది' అని బోర్డు మీద రాశాక అబ్బాయిలు కూడా కాసేపు మాట్లాడలేదు. బహువచనంలో 'వాళ్ళు వచ్చారు, ఆవులు వచ్చాయి' అని విడిపోతాయి కాబట్టి ఆ రోజుకు బతికిపోయాను.

పేరెంట్స్ మీటింగులో ఒకాయన 'మేడమ్, ఈ భాష ఏ ఎగ్జామ్‌లో వస్తుందండీ?' అని అడిగారు. ఆయన కొడుక్కి అప్పటికే ఐఐటీ ఫౌండేషన్. ఇంటర్లో ఎలాగూ మార్కులకోసం సంస్కృతం తీసుకుంటారు, తెలుగుతో అక్కడికి సరి. ఆ సంస్కృతం కూడా నేర్చుకుంటారా అంటే అదీ లేదు, ప్రశ్నలూ జవాబులూ బట్టీ పడతారు. ఊళ్ళో కాలేజీ హోర్డింగులు చూడండి, ర్యాంకుల ఫొటోలు తప్ప ఏముంటాయి? సరే, నా బాధ నాది.

ఎస్పెరాంటో అనే కల్పిత భాష ఉంది కదా, అది వాడవచ్చా అని కూడా అడిగారు. కంటి డాక్టరు జామెన్‌హాఫ్ 1887లో వార్సాలో ఆ భాష తొలి పుస్తకం తెచ్చాడు. నామవాచకాలన్నీ 'ఓ'తో, విశేషణాలన్నీ 'ఆ'తో ముగుస్తాయి. ముచ్చటగానే ఉంటుంది. కానీ అది యూరప్ అచ్చు. మనకు 'మనం', 'మేము' వేరు. అందులో రెండిటికీ ఒకటే మాట. మన పిల్లలకు పనికొచ్చే ఆట మనమే అల్లుకోవాలి.

పదిహేను మాటలు చాలు. ఒక ఆటకు ఒక్క నియమమే పెట్టండి, రెండోది పెడితే సగంమంది జారుకుంటారు. శనివారం ఆఖరి పీరియడ్ ఎలాగూ ఎవరూ చదవరు కాబట్టి అది తీసుకోండి. మార్కులు మాత్రం పెట్టకండి. పెడితే నెల తిరక్కుండా లెనిన్ సెంటర్లో దానికీ గైడు దొరుకుతుంది.