కెమెరాకు చావు కబురు రాయకు

పర్లాకిమిడి

తమ్ముడూ,

ఆశీస్సులు. గుణుపురం నుంచి నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. మీ నాన్నగారి స్టూడియో గురించి రాసిన భాగం నాకు చాలా నచ్చింది. డార్క్ రూమ్, ఎర్ర బల్బు, క్లిప్పులకు వేలాడే ప్రింట్లు అందరూ రాసేవే. నువ్వు వాటి జోలికి పోకుండా, ఆధార్ వచ్చాక పాస్‌పోర్ట్ సైజ్ ఫొటోల గిరాకీ ఎలా పడిపోయిందో రాశావు. ఆధార్ కేంద్రంలో వెబ్‌క్యామ్ ముందు కూర్చోబెట్టి ఫొటో వాళ్లే తీసుకుంటారు. పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనూ అంతే. స్టూడియోకు రోజువారీ చిల్లర తెచ్చిపెట్టే పని అది. దెబ్బ ఒక్క ఫోన్ నుంచే రాలేదని నీకు నువ్వుగా పట్టుకున్నావు. అలా చూసే కన్ను నీకుంది కాబట్టే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

మిగతా సగం మాత్రం నాకు ఒప్పలేదు. కెమెరా చచ్చిపోయిందని మొదలుపెట్టావు. కానన్, నికాన్, సోనీ ఒకదాని వెనుక ఒకటి మూతపడతాయని ముగించావు. మీ నాన్నగారి దిగులు నీ వాక్యాల్లోకి వచ్చేసింది. ఆ దిగులు నిజమైనదే, దాన్ని గౌరవిస్తాను. కానీ బతికి ఉన్నదానికి చావు కబురు రాస్తే, అసలు పోయిందేమిటో చదివేవాడికి తెలియకుండా పోతుంది. పోయింది వేరే ఉంది. దాని గురించే నువ్వు రాయాలి.

ముందు అంకెలు చూద్దాం. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సీపా ఏటా లెక్కలు ఇస్తుంది. 2010లో సభ్య కంపెనీలు ఫ్యాక్టరీల నుంచి పంపిన డిజిటల్ కెమెరాలు 12 కోట్లు దాటాయి. 2023కి అవి 77 లక్షలకు పడిపోయాయి. నువ్వు ఇక్కడితో ఆగిపోయావు. ఆ పక్కనే ఇంకో గడి ఉంటుంది, సరుకు విలువ. 2010లో అది సుమారు 1.64 లక్షల కోట్ల యెన్‌లు, 2023లో సుమారు 71 వేల కోట్ల యెన్‌లు. కెమెరాల సంఖ్య పదిహేనో వంతుకు దిగింది, డబ్బు సగానికి కాస్త దిగువన నిలబడింది. అంటే ఒక్కో కెమెరా మీద కంపెనీకి సగటున వచ్చేది 13, 14 వేల యెన్‌ల నుంచి 90 వేలు దాటింది. 2024లో సంఖ్య కూడా కొంచెం పెరిగి 85 లక్షల దాకా వచ్చింది.

ఈ రెండు గడులూ పక్కపక్కన పెట్టుకుని ఇంకోసారి ఆలోచించు. కంపెనీలు తక్కువ కెమెరాలు చేసి, ఒక్కోదాన్నీ ఎక్కువ ధరకు అమ్మడం నేర్చుకున్నాయి. పండక్కీ యాత్రకీ జేబులో వేసుకెళ్లే చిన్న కెమెరా ఫోన్‌లో కలిసిపోయింది. 2010 నాటి 12 కోట్లలో దాదాపు 11 కోట్లు ఆ చిన్న కెమెరాలే. లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరాలు 2012లో 2 కోట్ల పైచిలుకు ఉంటే, 2024లో 66 లక్షలు. అదీ పెద్ద తగ్గుదలే. కానీ అక్కడ కొనేవాడు మిగిలాడు. ఎందుకు మిగిలాడో మన పెళ్లిళ్లే చెబుతాయి.

మన వైపు ముహూర్తాలు ఎక్కువగా ఏ అర్ధరాత్రికో తెల్లవారుజాముకో ఉంటాయి. పందిట్లో ఒక మూల ఫ్లడ్‌లైటు, ఇంకో మూల చీకటి, మధ్యలో హోమం పొగ. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం ఒక్కటే. పురోహితుడి చెయ్యి అడ్డం వచ్చినా, మేనమామ తల అడ్డం వచ్చినా ఫొటోగ్రాఫర్‌కి రెండో అవకాశం ఉండదు. ఫోన్‌లో పెట్టే పెద్ద సెన్సర్ (వెలుగును పట్టి బొమ్మగా మార్చే చిప్), ఒక అంగుళం రకం అనేది కూడా, 13.2 మిల్లీమీటర్లకు 8.8. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో అది 36కి 24. వెలుగు పడే చోటు ఏడు రెట్లకు పైగా ఎక్కువ. ఫోన్ ఎన్ని ఫ్రేములు కలిపి, ఎంత లెక్క కట్టి బొమ్మ తయారుచేసినా, కదిలే చేతుల మీద, దూరం నుంచి, చీకట్లో ఆ తేడా బయటపడుతుంది. పాతపట్నం నుంచి ఇక్కడికి, ఇక్కడి నుంచి అక్కడికి ఆంధ్ర, ఒడిశా సరిహద్దు దాటి పెళ్లిళ్లు తీసే కుర్రాళ్లు కెమెరా ఎందుకు వదల్లేదో ఇందులో ఉంది. నీ వ్యాసంలో ఇది ఒక్క వాక్యమైనా లేదు. మీ ఇంట్లోనే తెలిసిన సంగతి కదా, ఎందుకు వదిలావు?

అమెరికా ఫిల్ము కంపెనీ కొడాక్ కథ తీసేయి. 1975లో స్టీవ్ సాసన్ ఆ కంపెనీలోనే డిజిటల్ కెమెరా చేశాడనీ, పెద్దలు పట్టించుకోలేదనీ, 2012 జనవరిలో దివాలా పిటిషన్ పడిందనీ అందరూ రాసేశారు. పైగా అది సగం కథ. 2005లో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో మొదటి స్థానం కొడాక్‌దే. వాళ్లు డిజిటల్‌లోకి వచ్చారు. ఫిల్ము మీద, ప్రింటింగ్ మీద వచ్చినంత లాభం ఇందులో రాలేదు. ఆ జబ్బు వేరు. కంపెనీ పెద్దల మూర్ఖత్వం అని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ, అందులోంచి ఎవరూ ఏమీ నేర్చుకోలేరు.

దాని బదులు ఫుజీఫిల్మ్ గురించి చదువు. ప్రపంచంలో ఫిల్ము అమ్మకం 2000 ప్రాంతంలో శిఖరానికి చేరి, తర్వాత వేగంగా కూలింది. ఫుజీ కూడా ఫిల్ము కంపెనీయే. కానీ ఫిల్ము పూత పూయడంలో తెలిసిన విద్యతో ఎల్‌సీడీ తెరలకు కావలసిన పొరలు చేసింది. వైద్య పరికరాల్లోకి వెళ్లింది. 2006, 2007 ప్రాంతంలో చర్మానికి రాసుకునే క్రీములు కూడా అమ్మడం మొదలుపెట్టింది. ఫిల్ములో వాడే కొల్లాజెన్ మీద దానికున్న అనుభవం అక్కడ పనికొచ్చింది. అలా నిలదొక్కుకున్న కంపెనీ కాబట్టే కెమెరాలను వదలకుండా ఓపిక పట్టగలిగింది. అక్కడికక్కడే ప్రింటు చేతికిచ్చే ఇన్‌స్టాక్స్‌కీ, 2024లో వచ్చిన ఎక్స్100వీఐ కెమెరాకీ కొనేవాళ్లు ఎదురుచూసే పరిస్థితి వచ్చింది. ఈ కథలో నీకు పనికొచ్చే ప్రశ్న ఉంది: కెమెరా కాకుండా ఈ కంపెనీకి ఇంకేం తెలుసు?

ఆ ప్రశ్న ఒక్కో కంపెనీకీ వేసి చూడు. కానన్‌కు ప్రింటర్లు ఉన్నాయి, 2016లో తోషిబా నుంచి కొన్న వైద్య పరికరాల వ్యాపారం ఉంది. సోనీ 2006లో కోనికా మినోల్టా కెమెరా వ్యాపారాన్ని తీసుకుంది. నీ చేతిలో ఉన్న ఫోన్‌లోని సెన్సర్ కూడా సోనీదే అయి ఉండొచ్చు, ఆపిల్ ఐఫోన్లలో ఉన్నది అదే. ఫోన్ గెలిచినా సోనీకి డబ్బు వస్తుంది. కాబట్టి ఫోన్ మీద కెమెరా కంపెనీల యుద్ధం అని నువ్వు పెట్టిన ఉపశీర్షిక నిలవదు. నికాన్‌ది కష్టమైన దారి. చిప్‌లు అచ్చువేసే యంత్రాల్లో నెదర్లాండ్స్ కంపెనీ ఏఎస్‌ఎంఎల్ దాన్ని దాటిపోయింది. కెమెరాలే దానికి ముఖ్యమైన ఆధారం. అందుకే 2024లో సినిమా కెమెరాల కంపెనీ రెడ్‌ను కొనేసింది. ఒలింపస్ తన కెమెరా విభాగాన్ని అమ్మేసుకుంది, 2021 నుంచి అది ఓఎం డిజిటల్ సొల్యూషన్స్. కాసియో చిన్న కెమెరాలను 2018లో మానేసింది. వీటన్నిటినీ ‘కంపెనీలు’ అని ఒకే మూటగా కట్టేస్తే ఎవరి సంగతీ చెప్పినట్టు కాదు.

ఇప్పుడు నాకు నిజంగా మనసులో ఉన్న సంగతి చెబుతాను. నువ్వు తప్ప ఇది ఎవరూ రాయలేరు.

2018లో కానన్ 1500డి, నికాన్ డి3500 వచ్చాయి. కిట్ లెన్స్‌తో కలిపి నలభై వేల లోపు. మన రాయగడలో, గుణుపురంలో, ఇటు బరంపురం దాకా ఎంతమంది కుర్రాళ్లు అలాంటి కెమెరాతో మొదలుపెట్టారో నీకు తెలుసు. పెద్ద ఫొటోగ్రాఫర్ వెనుక లైటు పట్టుకుని తిరిగి, సీజన్ డబ్బుతో ఒక బాడీ కొని, ఆ తర్వాత ఫిఫ్టీ ప్రైమ్ (జూమ్ లేని 50 ఎంఎం లెన్స్) కొని, పుట్టినరోజు ఫంక్షన్లు తీసి, మెల్లగా పెళ్లిళ్లకు వచ్చారు. ఇప్పుడు నికాన్ డి3500 తయారీ లేదు. కంపెనీలన్నీ లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు, ఖరీదైన బాడీల వైపు మళ్లాయి. కానన్ ఆర్100 లాంటివి ఒకటి రెండు కింద మిగిలాయి, కాదనను. కానీ పెళ్లి పని నమ్మి ఇచ్చేవాళ్లు ఫుల్‌ఫ్రేమ్ ఉందా అని ముందే అడుగుతున్నారు. బాడీ, ఒక మంచి లెన్స్ కలిపితే రెండు మూడు లక్షలు. దాని మీద కెమెరా ఊగకుండా పట్టే గింబల్, డ్రోన్. రిపేరుకు విశాఖకో భువనేశ్వర్‌కో పంపాలి, ఈలోగా అద్దె కెమెరా. ఇదంతా మేడమెట్లలో కిందివి నాలుగు తీసేసి, పైకి రమ్మన్నట్టు ఉంది.

కంపెనీల లెక్కలో ఇది తెలివైన పని. ఈ ఏడాది లాభం నిలబడుతుంది. కానీ రేపు పైమెట్టు మీద కెమెరా కొనేవాడు ఎక్కడి నుంచి రావాలి? చిన్న కెమెరాతో మొదలుపెట్టే కుర్రాడు తగ్గితే, పదేళ్ల తర్వాత పెద్ద కెమెరా అడిగేవాడూ తగ్గుతాడు. పైగా మంచి కెమెరా తొందరగా పాడవదు. 2016 నాటి బాడీతో ఇవాళ్టి పెళ్లీ తీయొచ్చు. అప్పటికి ఎన్ని ఫొటోలు తీసిందో చెప్పే షట్టర్ కౌంట్ చూసుకుని సెకండ్ హ్యాండ్ కొనుక్కునే కుర్రాడు మొదలైతే పెడతాడు, కానీ ఆ అమ్మకంలో కంపెనీకి రూపాయి రాదు. సంకోచిస్తున్న మార్కెట్‌లో కెమెరా కంపెనీల భవిష్యత్తు టోక్యోలో ఎంత ఉందో, మన సందుల్లోని ఈ కుర్రాళ్ల దగ్గరా అంతే ఉందని నా గట్టి నమ్మకం. ఈ మాట జపాన్ నుంచి రాసేవాళ్లకు కనిపించదు. నీకు కనిపిస్తుంది.

దీనికి నువ్వు తిరగాలి. మన ఊళ్లోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవర భాష ఎలా నేర్చుకున్నారో నీకు చెప్పనక్కర్లేదు. సవరల మధ్య కూర్చుని, విని, అడిగి, రాసుకుని, చివరికి నిఘంటువు, వ్యాకరణం తయారుచేశారు. నువ్వూ ఫొటోగ్రాఫర్ల మధ్య కూర్చో. కెమెరా మీద ప్రేమ గురించి అడగకు, అందరూ ఒకటే చెబుతారు. మొదటి కెమెరా డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది, వాయిదా ఎంత కట్టారు, అది ఎన్ని పెళ్లిళ్లకు తిరిగొచ్చింది, దాన్ని ఎవరికి అమ్మారు, ఇప్పుడు మీ దగ్గర లైటు పట్టే కుర్రాడు ఏం కొనబోతున్నాడు అని అడుగు. ఒడియా స్టూడియోలకూ వెళ్లు. నీకు భాష వచ్చు, మొహమాటపడకు. వాళ్ల పెళ్లిళ్ల సీజన్, మన సీజన్ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కెమెరా ఖాళీగా ఉంటుందో వాళ్లే చెబుతారు.

ఇంకో దారి కూడా నీ వ్యాసంలో కనబడలేదు. కంప్యూటర్ కల్పించిన బొమ్మలు ఎక్కువయ్యాక, ఈ ఫొటో నిజంగా తీసిందేనా అనే ప్రశ్నకు విలువ పెరిగింది. 2023 అక్టోబర్‌లో లైకా ఎం11-పీ వచ్చింది. తీసిన క్షణంలోనే ఫొటోకు ‘కంటెంట్ క్రెడెన్షియల్స్’ అనే డిజిటల్ సంతకం, అంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో చూపే గుర్తు, వేసే మొదటి కెమెరా అది. సోనీ, నికాన్ కూడా ఆ వైపు పని చేస్తున్నాయి. మన వైపు కొండల్లో భూమి తగాదాలు, నిర్వాసితుల గొడవలు ఎన్ని ఉన్నాయో చూస్తున్నావు. కోర్టులో, పత్రికలో నిలబడే ఫొటో ఎవరికి కావాలో వేరే చెప్పాలా? ఇది కెమెరాను బతికిస్తుందో లేదో నేను జోస్యం చెప్పను. నువ్వూ చెప్పకు. 2030కల్లా ఇలా అవుతుంది, అలా అవుతుంది అనే వాక్యాలు మూడు ఉన్నాయి నీ ప్రతిలో, మూడూ కొట్టెయ్యి.

భాష విషయంలో ఒకే మాట. రీలు, బాడీ, వాషింగ్, ఆల్బమ్ అని స్టూడియోలో ఎలా అంటారో అలాగే రాయి. ‘ఛాయాచిత్ర గ్రాహకుడు’ అని రాసిన చోట మీ నాన్నగారు నాకు కనబడలేదు.

మొదటి పేజీ తీసేసి, ఆధార్ సంగతితో మొదలుపెట్టు. అంకెలు రెండు గడులూ కలిపి ఒకే చోట ఇవ్వు. ఊటీలో ‘ఇందు’ ఫిల్ము చేసిన ప్రభుత్వ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ గురించి మీ నాన్నగారిని అడుగు, ఆ రీళ్లు వాడిన తరం వాళ్లది. అది ఒక పేరా అవుతుంది, అంతకు మించి పెంచకు. లైటు పట్టే కుర్రాళ్లలో ఒక్కడి లెక్కన్నా పూర్తిగా, రూపాయి రూపాయి రాయి. పేరు వద్దు, ఊరు చాలు.

సీజన్ మొదలైతే ఎవరూ నీతో కూర్చోరు. మూఢం ఉన్నప్పుడే వెళ్లు, స్టూడియోల్లో తీరిగ్గా మాట్లాడతారు. కొత్త ప్రతి పూర్తయ్యాక గుణుపురం పాసింజర్ ఎక్కి నువ్వే తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం. అమ్మగారికీ నాన్నగారికీ నమస్కారాలు చెప్పు.

ఇట్లు
నీ అన్నయ్య