మైగ్రేన్‌కు సదరం సర్టిఫికెట్ వస్తుందా? నాకు జరిగింది చెప్తాను

అన్నా, మిర్యాలగూడ నుంచి మీరు అడిగింది చదివాను. వదినకు నెలలో సగం రోజులు ఒక పక్క తలనొప్పి, రైస్ మిల్లు పనికి పోలేకపోతోంది, సదరంలో (వైకల్యం ఎంత శాతమో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సర్కారు క్యాంపు) రాయించి పింఛన్ ఇప్పిస్తానని ఒకాయన ఇరవై వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా అని. ఆ డబ్బు మాత్రం ఇవ్వకండి.

మాది జడ్చర్ల. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని. పన్నెండేళ్లుగా నాకూ ఇదే జబ్బు. ఎడమ కంటి వెనక మొదలై మెడ దాకా గుంజుతుంది, నీళ్లు తాగినా వాంతి. తలుపులు మూసి, లైటు ఆర్పి పడుకుంటే పాప టీవీ సౌండ్ తీసేసి పిల్లిలా నడుస్తుంది. ఆ పిల్లను అట్లా చూడటమే నాకు ఎక్కువ బాధ.

మూడేళ్ల కింద మీసేవలో సదరం స్లాట్ బుక్ చేసుకుని క్యాంపుకు పోయాను. పొద్దున నుంచి ఎండలో లైన్. ఆ ఎండకే నొప్పి లేచింది, నా వంతు వచ్చేసరికి నిలబడలేకపోయాను. డాక్టర్ చూసి, కాళ్లు చేతులు, చూపు, వినికిడి బాగున్నాయి, దీనికి పర్సంటేజీ రాదన్నారు. బస్టాండులో కూర్చుని ఏడ్చాను.

తర్వాత తెలుసుకున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నాయి. దీర్ఘకాలిక నరాల జబ్బులు అందులో ఉన్నాయి, కానీ పేరు పెట్టి రాసినవి పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లిరోసిస్. మైగ్రేన్ పేరు లేదు. పైగా దీర్ఘకాలంగా తగ్గిపోయిన శక్తికే పర్సంటేజీ వేస్తారు, నెలకు 4,016 వికలాంగుల పింఛన్‌కు కనీసం 40 శాతం కావాలి. వచ్చి పోయే నొప్పిని కొలిచే లెక్క అక్కడ లేదు. ఇది అన్యాయమనే ఇప్పటికీ అనుకుంటాను. నెలలో పదిహేను రోజులు మంచంలో ఉన్న మనిషి మిగతా పదిహేను రోజులు నడిచినంత మాత్రాన బాగున్నట్టా? వదినకు దీనితోపాటు పక్షవాతం వల్ల చెయ్యి పట్టు తప్పడం, చూపు పోవడం లాంటివి ఉంటే అది వేరే సంగతి, దానికి తప్పకుండా అప్లై చేయండి.

నాకు పనికొచ్చింది ఈఎస్ఐ, అంటే జీతంలోంచి కొంత కట్ చేసి కార్మికులకు వైద్యం, జబ్బు సెలవు డబ్బు ఇచ్చే సర్కారు బీమా. జీతం నెలకు 21,000 లోపు ఉండి, అందులో 0.75 శాతం కట్ అవుతుంటే ఆమె ఈఎస్ఐలో ఉన్నట్టే. వాళ్ల డాక్టర్ రెస్ట్ రాస్తే ఆ రోజులకు జీతంలో 70 శాతం చొప్పున బ్యాంకులో పడుతుంది, ఏడాదికి 91 రోజుల వరకు. దానికి లెక్కలోకి తీసుకునే ఆరు నెలల్లో కనీసం 78 రోజులు కట్టి ఉండాలి. మైగ్రేన్ వాళ్లకు దెబ్బ ఎక్కడంటే, మొదటి రెండు రోజులకు డబ్బు రాదు. నా నొప్పేమో ఒకటిన్నర రోజు. రెండేళ్లు పైసా రాలేదు. అయితే ఒకసారి డబ్బు వచ్చిన సెలవు ముగిశాక 15 రోజుల లోపే మళ్లీ జబ్బు పడితే ఆ రెండు రోజుల కోత ఉండదని డిస్పెన్సరీలో ఒక నర్సమ్మ చెప్పింది. అప్పటి నుంచి ప్రతి సెలవుకూ డాక్టర్ దగ్గర రెస్ట్ చీటీ రాయించుకుంటున్నాను. ఆ డబ్బు తీసుకుంటున్న రోజుల్లో పనిలోంచి తీసేయడానికి కూడా వీల్లేదు.

ఇంకొకటి. వదిన మెడికల్ షాపు మాత్రలు ఎన్ని వేసుకుంటోంది? మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇట్లా నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. నాకు అదే జరిగింది. నరాల డాక్టర్ వాటిని తగ్గించి, నొప్పి రాకుండా రోజూ వేసుకునే మందు రాశాక నెలకు పదహారు రోజులున్నది ఆరేడుకు దిగింది. డాక్టర్ నా మాట నమ్మడానికి కారణం మా ఇంటి గోడ క్యాలెండర్. నొప్పి వచ్చిన రోజు గీత, మాత్ర వేసుకుంటే చుక్క, పని మానితే సున్నా. మూడు నెలల కాగితాలు చింపి తీసుకుపోయాను.

వదిన జీతం స్లిప్పు ఒకసారి చూడండి అన్నా. ఈఎస్ఐ కటింగ్ ఉంటే చెప్పండి, చీటీ ఎట్లా రాయించుకోవాలో వివరంగా రాస్తాను.